అందరి మోటారూ ముందే

చింతల తండా,
జూలూరుపాడు మండలం
8 అక్టోబరు 2006

జెబా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే నవ్వలేక వైండింగ్ బల్ల మీద పడతావు, మీ నాన్న పాషా చాచా చుట్టి పెట్టిన రాగి తీగంతా పాడవుతుంది. ఆ తిట్లు నాకు వద్దు.

మా తండా ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. ఈ ఏడు ఇది రెండోసారి. మార్చారు గానీ, కరెంటాఫీసులో ఏఈ గారు మా నాన్ననూ తండా పెద్ద లాలు నాయక్‌నూ ఎదురుగా నిలబెట్టి ఖరాఖండిగా చెప్పాడట. మూడోసారి కాలితే వెంటనే కొత్తది రాదు, వరసలో ఆగాలి, నెలైనా రెండు నెలలైనా ఆగాలి, ముందు ఎందుకు కాలుతోందో తెలుసుకుని రమ్మని. మిర్చి పూతకొస్తోంది. నెల రోజులు నీళ్ళు లేకపోతే చేలో పొయ్యిలోకి పుల్లలు తప్ప ఏమీ మిగలవు. ఈసారి తండా అంతా మిర్చే వేసింది.

ఆ సాయంత్రం లాలు నాయక్ ఇంటి ముందు అందరూ కూర్చుని లైన్‌మెన్‌ను తిడుతున్నారు. నేను లేచి, ఎందుకు కాలుతున్నదో నా లాప్‌టాప్ చెప్తుంది అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. తండాలో మొదటి ఇంజనీరుని కదా, అందరూ నమ్మేశారు. మా అమ్మ రూప్లి ఒక్కతే నమ్మలేదు. ఆ లాప్‌టాప్ మొన్న పాట కూడా సరిగ్గా పాడలేదని ఆమెకు గుర్తుంది.

ఇక అసలు సంగతి. కరెంటు వచ్చినప్పుడు వోల్టేజీ ఎలా ఉంటోందో లాప్‌టాప్‌లో రాసిపెట్టే సామాను కావాలి. హైదరాబాదు కంపెనీ ఒకటి కేటలాగు పంపింది. లాప్‌టాప్ పక్కనున్న సందులో దూర్చే కార్డు ఒకటి, యూఎస్‌బీ పెట్టె ఒకటి, సీరియల్ తీగ ఉన్న మీటరు ఒకటి. కార్డు బొమ్మ చూస్తే నాకు ఆకలి కూడా వేయలేదు, అంత బాగుంది. ఏది కొనను? నాది లైనక్స్ అని మరిచిపోకు.

ఫోను చేద్దామంటే సిగ్నలు నీళ్ళ ట్యాంకు ఎక్కితేనే వస్తుంది, ఎక్కితే తండా అంతా కింద చేరి నా మాటలు వింటుంది. అందుకే మన హాస్టలు సెలవుల్లోలా ఉత్తరం.

చాచాకు సలాం చెప్పు. మీ దుకాణం ఆటో స్టార్టర్లు ఇప్పుడు తండాలో లేని ఇల్లు లేదు. కరెంటు వస్తే మోటారు దానంతటదే లేస్తుంది, వీళ్ళు ఇంట్లో కూర్చుని టీ తాగుతారు. మా నాన్న బిచ్యా ఒక్కడే ఆటో పెట్టుకుని కూడా కరెంటు వేళకు బోరు దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. నీళ్ళు పడటం చూడకపోతే ఆయనకు టీ దిగదు.

నోరు జారిన నీ
కవిత


ఖమ్మం
14 అక్టోబరు 2006

ఇంజనీరమ్మకు,

చదివి నవ్వాను, పడలేదు. నా బదులు అబ్బాజాన్ నవ్వాడు. ఆ పిల్ల నోరు చదువుకునే రోజుల్నుంచీ అంతేనా అని అడిగాడు. అంతేనని చెప్పాను.

ఆ కార్డు మరిచిపో. నచ్చిన చీర ధర చూడకుండా ఒంటికి చుట్టుకుని చూసే అలవాటు నీది. దాని ధరకు మీ నాన్న మిర్చి అమ్మి మీ మామ మిర్చి కూడా అమ్మాలి. యూఎస్‌బీ పెట్టె సంగతి అడుగుదామని దుకాణం ఫోను నుంచి కంపెనీకి నేనే చేశాను. సీడీలో విండోస్ ప్రోగ్రామే ఉందన్నాడు. మాది లైనక్స్ అంటే, ఆ కంపెనీ లాప్‌టాపులు మా దగ్గర లేవు మేడం అన్నాడు. సరే బాబూ అని పెట్టేశాను. ఇక మీటరు. దానికి తొమ్మిది సూదుల రంధ్రం కావాలి, నీ లాప్‌టాప్‌కు ఆ రంధ్రమే లేదు. మధ్యలో ఇంకో తీగ కొని అతికించవచ్చు. కానీ ఆ మీటరు క్షణానికి ఒకటో రెండో అంకెలు చెబుతుంది. మనకు కావాల్సిందంతా ఆ రెండు అంకెల మధ్యే జరిగిపోతే ఏం చేస్తావు?

ఇప్పుడు నీ లాప్‌టాప్ చేతిలోకి తీసుకుని పక్కన చూడు. చిన్న గులాబీ రంగు రంధ్రం కనిపిస్తోందా? అది మైకుది.

నవ్వకు. మైకు రంధ్రం పని ఏమిటి? ఊగేదాన్ని వినడం. మన కరెంటు క్షణానికి యాభై సార్లు ఊగుతుంది. పాటను రికార్డు చేసే యంత్రానికి కరెంటు ఒక లావు గొంతు, అంతే. క్షణంలో వేల సార్లు రాసుకుంటుంది, లైనక్స్‌లో దానికి డ్రైవర్ ముందే ఉంది, ఖర్చు లేదు. నీ కేటలాగులో కార్డు చేసే పని నీ చేతిలో ఉన్న రంధ్రమే చేస్తుంది.

అయితే ఒట్టు పెట్టు. లైను తీగ తిన్నగా అందులో పెట్టావో, లాప్‌టాపూ ఉండదు, నువ్వూ ఉండవు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నేను చుట్టి పంపుతాను. అది ఆరు వోల్టులకు దించుతుంది, దాని తరువాత రెండు రెసిస్టర్లు ఇంకా దించుతాయి. పెట్టే ముందు మీటరుతో చూడాలి, ఒక వోల్టు దాటితే పెట్టకూడదు. బిస్కెట్ల డబ్బాలో సర్ది జూలూరుపాడు బస్సు కండక్టరు చేతికిస్తాను. బిస్కెట్లు ఉండవు, ముందే చెబుతున్నాను.

జెబా


చింతల తండా
29 అక్టోబరు 2006

జెబా, నా బంగారూ,

డబ్బా అందింది. అడుగున రెండు బిస్కెట్లు పెట్టావు, చూశాను. నీ మాటకూ చేతకూ ఎప్పుడూ పొంతన లేదు.

ఇక్కడ జాతరలా ఉంది. లాప్‌టాప్ వెలగగానే తెర మీద పెంగ్విన్ బొమ్మ వస్తుంది కదా, పక్క చేను జంపక్క అది చూసి బాతు అంది. అంతే, ఇప్పుడు నా లాప్‌టాప్ పేరు బాతు పెట్టె. నిన్న సంతలో ఎవరో మా అమ్మను, మీ బాతు ఏమన్నా చెప్పిందా అని అడిగారట.

ఒక చిక్కు వచ్చింది. మనం చూడాల్సింది కరెంటు వచ్చే క్షణాన్ని. అంటే కరెంటు లేనప్పుడే లాప్‌టాప్ మేలుకుని ఉండాలి. దీని బ్యాటరీ ఎంత ముసలిదో నీకు తెలుసు, టీ కాగేలోగా నిద్రపోతుంది. లాలు నాయక్ తన ట్రాక్టరు బ్యాటరీ విప్పి ఇచ్చాడు, నువ్వు అడక్కుండానే డబ్బాలో పెట్టిన చిన్న ఇన్వర్టరు దానికి తగిలించాను. ఈ వారం మాకు పొద్దుటి వంతు కరెంటు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా పక్కన మంచం వేసి, దాని మీద బాతును పెట్టి, గొడుగు పట్టి కూర్చున్నాను. కరెంటు వచ్చింది. మోటారు లేచింది. రికార్డు అయింది. నేను గంతులు వేశాను, నాన్న కూడా ఒక గంతు వేసినట్టే వేసి ఆగాడు.

ఇంటికి వచ్చి తెరిచి చూస్తే గీతల్లో కరెంటు లేదు. వింటే జంపక్క వినిపించింది. పక్క చేలో కలుపు తీస్తూ ఆమె మాట్లాడిందంతా అందులో ఉంది. బిస్కెట్ల డబ్బా తెచ్చే కండక్టరు మంచివాడట, నాకు ఈడూ జోడూ అట, పెళ్ళి మాట ఎవరు కదపాలో కూడా చెప్పింది. నీ ట్రాన్స్‌ఫార్మర్ గొంతు ఒక్క ముక్క లేదు.

జంపక్కకు వినిపించాను. సిగ్గుపడుతుందనుకున్నాను. మళ్ళీ పెట్టమంది. తన మాట తాను వినడం ఆమెకు ఇదే మొదటిసారట. ఇప్పటికి ఎన్నిసార్లు పెట్టించిందో లెక్క లేదు, ప్రతిసారీ కండక్టరు దగ్గరికి వచ్చేసరికి నా వైపు చూస్తుంది.

నువ్వు చుట్టింది ఏమన్నా తేడానా?

కవిత


ఖమ్మం
2 నవంబరు 2006

నేను చుట్టింది తేడా అనే ముందు నీ బుర్ర ఒకసారి విప్పి చూసుకో.

లాప్‌టాప్ లోపల చిన్న మైకు ఇంకొకటి ఉంటుంది. నీ బాతు దాంతో విన్నది. ధ్వని సర్దే ప్రోగ్రామ్ ఆల్సామిక్సర్ తెరిచి, క్యాప్చర్ అన్న చోట లోపలి మైకు తీసేసి బయటి మైకు ఎంచుకో. రికార్డు మొదలుపెట్టాక లాప్‌టాప్ మీద వేలితో తట్టు. ఆ చప్పుడు వినిపించిందా, ఇంకా లోపలి మైకే వింటోందన్నమాట.

కండక్టరు సంగతి నిజమే. మంచివాడే. కానీ చిల్లర ఇవ్వడు.

జెబా


చింతల తండా
16 నవంబరు 2006

జెబా,

వచ్చింది, వచ్చింది, వచ్చింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ పోతే చదువుకో.

జూలూరుపాడులో ప్రింటు తీయించిన గ్రాఫు ఇందులో పెట్టాను, తెరిచి ఎదురుగా పెట్టుకో. మీటరు చూసి పక్కన వోల్టులు వేశాను. కరెంటు రాగానే గీత నిండుగా నిలబడింది, రెండు వందల ముప్పైకి దగ్గర. కళ్ళు మూసి తెరిచేలోగా ధబాలున గుంతలో పడింది. నూట యాభై కంటే కిందికి. అక్కడే కొట్టుకుని కొట్టుకుని మెల్లగా పైకి వచ్చింది. వారం రోజులు తీశాను. ప్రతి పొద్దునా అదే గుంత, అదే చోట.

చూశావా వాళ్ళ నాటకం? కరెంటాఫీసు వాళ్ళు మనకు బలం లేని కరెంటు పంపి, కాలిందని మన మీదే కేకలు వేస్తున్నారు. సోమవారం ఈ గ్రాఫు పట్టుకుని ఏఈ గారి బల్ల మీద పరుస్తాను. లాలు నాయక్ తలపాగా ఉతికించుకున్నాడు. మా నాన్న చెప్పులు కుట్టించుకున్నాడు. తండాలో సగం మంది మాతో బయలుదేరుతున్నారు. నువ్వు ఒక్కసారి చూసి సరే అను చాలు.

మిర్చి పూత ఎలా ఉందో చెప్పలేను జెబా. చేలో నడిస్తే లంగా అంచు నిండా తెల్ల రేకులే.

కవిత


ఖమ్మం
18 నవంబరు 2006

కవితా,

బాగున్నావా? ఇక్కడ అందరం బాగున్నాం. ఫజిలత్ అక్క నిఖా కుదిరింది, వచ్చే నెల. వంటకు వేంసూరు నుంచి పాత వంటాయన్నే పిలుస్తున్నారు. ఆయన దమ్ వేసిన గిన్నె మూత ఎవరినీ ముట్టుకోనివ్వడు, పెళ్ళికొడుకు వచ్చినా సరే. నాకు ఆకుపచ్చ గాజులు తీసుకున్నాను. చలి మొదలైంది. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

ఈ సోమవారం వెళ్ళకు. పై సోమవారం వెళ్ళు. కొంచెం పని ఉంది.

జెబా


చింతల తండా
20 నవంబరు 2006

నేను గ్రాఫు పంపితే నువ్వు బిర్యానీ గిన్నె మూత పంపావు.

మనకు పరిచయమై ఆరేళ్ళు. ఇంతవరకు నువ్వు నాకు ఎవరి మోకాళ్ళ నొప్పులూ అడగలేదు. ఆ గ్రాఫులో ఏదో చూశావు. తప్పు పట్టి ఉంటే నవ్వుతూ రెండు పేజీలు రాసేదానివి. ఏం చూశావో నాకు చెప్పుకోలేనిదా?

నీ మాట మీద ఈరోజు వెళ్ళలేదు. లాలు నాయక్ తలపాగా చుట్టుకుని వచ్చి, మళ్ళీ విప్పుకుని పోయాడు. ఎందుకు వెళ్ళడం లేదని అడిగినవాళ్ళందరికీ పై సోమవారం అని చెప్పి పంపాను. కోపంగా ఉంది.

కవిత


ఖమ్మం
24 నవంబరు 2006

కవితా,

నీ కోపం న్యాయమే. చెబుతాను, చివరిదాకా చదువు.

ఆ గ్రాఫు మళ్ళీ తీసి మొదటి ముక్క చూడు. గుంతకు ముందుది. కరెంటు నిండుగా వచ్చింది. ఆఫీసు వాళ్ళు బలం లేని కరెంటు పంపితే ఆ ముక్క కూడా కిందే ఉండాలి కదా. నిండుగా వచ్చినదాన్ని ఎవరో ఒక్కసారిగా లాగారు. ఎవరంటే మీరే. మీ తండా మోటార్లు.

మోటారు లేచేటప్పుడు తిరిగేటప్పటికంటే ఐదారింతలు తాగుతుందని మనం ఫైనలియర్‌లో బట్టీ పట్టాం. చేత్తో మీట వేసే రోజుల్లో ఒకరు టీ తాగి వచ్చేవారు, ఒకరు పళ్ళు తోముకుని వచ్చేవారు, మోటార్లు ఒకదాని వెనక ఒకటి లేచేవి. ఇప్పుడు అన్నిటికీ ఆటోలు. కరెంటు వచ్చిన క్షణానే ఇరవై దాకా మోటార్లు ఒకేసారి లేస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలక ఏం చేస్తుంది?

ఆ ఆటోలు మా దుకాణంవే. అది తట్టగానే నాకు చేయి ఆడలేదు. ఈ మాట బయటికి పోతే తండాల్లో అబ్బాజాన్ పేరు ఏమవుతుంది? పైగా ఇలా వోల్టేజీ పడిపోయి కాలిన మోటార్లు చుట్టడమే మా బతుకు. ఈ రెండూ బుర్రలో పెట్టుకుని గాజుల గురించి రాశాను. తరువాత అన్నం తినబుద్ధి కాలేదు. నీ మిర్చి పూత గుర్తొచ్చింది.

అబ్బాజాన్‌కు గ్రాఫు చూపించాను. చాలాసేపు చూశాడు. కోప్పడతాడేమోనని నేను రెసిస్టర్లు ఏరుతూ కూర్చున్నాను.

“దుకాణంల ఒక్క మోటారు పెట్టే చూసిన బేటీ” అన్నాడు. “ఎప్పుడు చూసినా మంచిగనే లేసింది. అన్ని ఒక్కసారి లేస్తే ఎట్లుంటదో చూసేంత జాగా మన దుకాణంల ఏడున్నది?”

తరువాత నవ్వడం మొదలుపెట్టాడు కవితా. టేకులపల్లి నుంచి ఇక్కడి దాకా కాలిన ట్రాన్స్‌ఫార్మర్లన్నీ గుర్తు చేసుకుని నవ్వాడు. నవ్వి, పాత సామాను డబ్బా బోర్లించి టైమర్లు వెతికాడు. ఆటోలో టైమర్ ఒకటి పెడితే కరెంటు వచ్చినా మోటారు కాసేపు ఆగి లేస్తుంది. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఆలస్యం పెడితే సరి, చివరిది ఏ ఐదు నిమిషాలకో లేస్తుంది. ఆ పని తానే వచ్చి చేస్తానన్నాడు, పైసా తీసుకోడట.

నువ్వు ముందు ఒక పని చెయ్యి. ఒక్క రోజు ఆటోలు ఆపించి, చేత్తో ఒకరి తరువాత ఒకరిని వేయమను. అప్పుడు గ్రాఫు తియ్యి. గుంత ఉందంటే నేను చెప్పిందంతా తప్పే.

ఇంకా కోపమేనా?

జెబా


చింతల తండా
10 డిసెంబరు 2006

జెబా,

కోపమా? నువ్వు ఎదురుగా ఉంటే ఎత్తుకుని తిప్పేదాన్ని. మొదట చదివినప్పుడు మాత్రం చెవులు ఎర్రగా అయ్యాయి, నిజం చెబుతాను. ఆ గ్రాఫును ఏఈ గారి ముందు పరిచి ఉంటే నా ఇంజనీరింగ్ పరువు ఏమయ్యేది? కరెంటాఫీసులో బంట్రోతు కూడా నవ్వేవాడు.

ఇక్కడ జరిగింది విను. అందరినీ లాలు నాయక్ ఇంటి ముందు కూర్చోబెట్టి గ్రాఫు చూపించాను. ఎవరూ నమ్మలేదు. కాగితం మీద గీత ఏమైనా గీయవచ్చన్నారు. ఆటోలు పెట్టిన రెండేళ్ళలో ఎవరికీ కాలు నొప్పి లేదు, ఇప్పుడు వాటిని తప్పంటావా అని ఒకరు లేచారు. అప్పుడు జంపక్క అడ్డుపడింది. కాగితం ఎందుకు, బాతు విన్నది కదా, నా మాట వినిపించినట్టు దాన్నీ వినిపించమంది.

జెబా, ఇది మనకు ఎందుకు తోచలేదు? మనం రికార్డు చేసింది పాటలాంటిదే కదా.

తీజ్ పండుగకు కట్టే పెద్ద సౌండ్ బాక్సులు తెప్పించి లాప్‌టాప్‌కు తగిలించాను. కరెంటు గొంతు వచ్చింది. గుమ్ అని, నిండుగా, నేల అదిరేలా. పిల్లలు నవ్వారు. మరుక్షణం ఆ గొంతు కుంగిపోయింది. బరువు మూటను నెత్తికెత్తితే మనిషి మూలిగినట్టు మూలిగింది. మళ్ళీ పెట్టమన్నారు, పెట్టాను. మూడోసారికి జంపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“దాని మీద అందరం ఒక్కసారే ఎక్కినమా?” అంది.

అవ్ అన్నాను. మరునాడు చేత్తో వేసి చూశాం. ఒకరి తరువాత ఒకరు, నేను గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపితే వేశారు. ఆ సాయంత్రం మళ్ళీ బాక్సుల్లో విన్నారు. గొంతు అక్కడక్కడా కొంచెం తగ్గింది, కానీ మూలగలేదు. నువ్వు చెప్పింది తప్పు కాదు.

అయిపోయిందనుకున్నావా? కొట్లాట అప్పుడే మొదలైంది. టైమర్లు సరే, ఎవరిది ముందు లేవాలి? నాయక్‌ను కాబట్టి నాదేనన్నాడు లాలు నాయక్. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నా గట్టు మీద ఉందని ఒకరు, నా బోరు అందరికంటే లోతని ఒకరు. ఐదు నిమిషాల తేడాకు ఎండిపోయేదేమీ లేదని గొంతు చించుకున్నాను. నీళ్ళ సంగతి కాదట. నా ఇంటిది వెనక లేచిందంటే రేపు సంబంధం కలుపుకునేవాళ్ళు ఏమనుకుంటారన్నారు. రెండు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. వరస తేలేదాకా ఆటోలు మళ్ళీ పెట్టుకుంటామని బెదిరింపు ఒకటి. ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ వేడెక్కుతోంది, వీళ్ళకు మర్యాద కావాలి.

మూడో రోజు పాషా చాచా బస్సు దిగాడు. నేను నా గోడు చెప్పుకున్నాను. చాచా గడ్డం నిమురుకుని, టీ తాగి, సంచీ భుజాన వేసుకుని ఒక్కొక్క బోరు దగ్గరికీ ఆ ఇంటి మనిషిని ఒంటరిగా తీసుకెళ్ళాడు. టైమర్ పెట్టాడు, మూత బిగించి లక్కతో సీలు వేశాడు, ఆ మనిషి చెవిలో ఏదో చెప్పాడు. అందరూ చెవులదాకా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఒక్కరూ నోరు విప్పరు. ఏం చెప్పావు చాచా అంటే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నీకు తెలుసా? తెలిస్తే వెంటనే రాయి, నాకు నిద్ర పట్టదు.

కవిత


ఖమ్మం
15 డిసెంబరు 2006

కవితా,

తెలుసు. అబ్బాజాన్ ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు, అంత నవ్వు. అమ్మీ దిష్టి తీసింది.

అందరి చెవిలోనూ ఒకటే మాట చెప్పాడట. “నీదే ముందు పెట్టిన. మిగతోళ్ళకు చెప్పకు, కొట్లాట అయితది.”

కరెంటు వేళకు వాళ్ళందరూ ఇంట్లో టీ తాగుతూ ఉంటారని నువ్వే రాశావుగా. ఎవరి మోటారు ముందు లేచిందో చూసేవాడు ఎవడు? అసలు వరస అబ్బాజాన్‌కూ నీ బాతుకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. చివరి టైమర్ ఎవరికి పెట్టాలని అబ్బాజాన్ అడిగితే, మా నాన్నకు పెట్టు చాచా అన్నావట. ఈ మాట నీ ఉత్తరంలో లేదు. బిచ్యా మామ చెవిలో కూడా అబ్బాజాన్ ఆ మాటే చెప్పాడు. కానీ కరెంటు వేళకు బోరు దగ్గర నిలబడే మనిషి మీ తండాలో ఆయనొక్కడే కదా. ఆయనకు తెలిస్తే?

మా సంగతి. మీ తండా నుంచి కాలిన మోటారు ఒక్కటీ రాలేదు. దుకాణం మూత పడుతుందని భయపడ్డాను. టేకులపల్లి నుంచి ఇద్దరు వచ్చి, బాతు ఆటోలు మీ దగ్గరేనా దొరికేది అని అడిగారు. కవితా, మా అబ్బాజాన్ జీవితంలో మొదటిసారి బోర్డు మార్చాలంటున్నాడు. బాతు బొమ్మ వేయించాలట. నేను బతికుండగా వేయనివ్వను.

జెబా


చింతల తండా
4 ఫిబ్రవరి 2007

జెబా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఈ ఉత్తరంతో వచ్చిన మూటలో ఉంది. మా చేను మొదటి కోత మిర్చి. నెమ్మదిగా విప్పు, కళ్ళు మండుతాయి. తండా అంతా కళ్ళాలు ఎర్రగా పరిచారు, నడవడానికి దారి లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద రాయిలా కూర్చుంది. మొన్న ఏఈ గారు తానే వచ్చి దాని చుట్టూ తిరిగి చూసి, ఏం చేశారు మీరు అని అడిగాడు. లాలు నాయక్ తలపాగా సర్దుకుని, మా బాతును అడగండి సార్ అన్నాడు. ఆయన నా వైపు చూశాడు. బాతు నేనే అనుకున్నాడేమో, నమస్తే మేడం అన్నాడు.

పక్కన లైన్‌మెన్ కూడా చూడాలని లాప్‌టాప్‌లో కొత్త గ్రాఫు చూపించాను. ఇప్పుడు గుంత లేదు. మెట్లు ఉన్నాయి. ఒక్కొక్క మోటారుకు ఒక్కొక్క మెట్టు. ఆఖరి మెట్టు మాది.

నీ ప్రశ్నకు ఇన్నాళ్ళకు జవాబు. ఎందుకలా చేశానంటే, ఆఖరిది ఎవరికైనా పెట్టాలి కదా. బాతు పెట్టె మా ఇంట్లో ఉంది. వరస నాకు తెలుసు. వేరే వాళ్ళను చివర పెట్టి పొద్దున్నే వాళ్ళ ముఖం చూసి పలకరించడం నా వల్ల కాదు. నాన్నకు ఎప్పటికైనా చెప్పాలనుకున్నాను. చెప్పలేక రోజులు నెట్టాను.

నిన్న పొద్దున నాన్నకు టీ తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళాను. అప్పుడే కరెంటు వచ్చింది. నాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు. లాలు నాయక్ బోరు పోసింది. ఆ పక్కది పోసింది. జంపక్క వాళ్ళది పోసింది. ఒక్కొక్క కాలువలో నీళ్ళు పడుతున్న చప్పుడు అన్ని వైపుల నుంచీ వినిపిస్తోంది, మాది మాత్రం ఊరుకుని ఉంది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేను ఎటు చూడాలో తెలియక నిలబడ్డాను. చివరికి మా మోటారు లేచింది.

నాన్న టీ తీసుకుని ఒక గుక్క తాగాడు.

“రోజు ఇంతే” అన్నాడు. “అందరిది అయినంక మనది పోస్తది. నాకు చెవులు లేవా బిడ్డా?”

మొదటి రోజే తెలిసిందట. పాషా చాచా చెవిలో చెప్పిన మాట విన్న మరునాడే. ఇన్నాళ్ళు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వు కూడా వచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియలేదు. ఎందుకు అడగలేదు నాన్నా అన్నాను.

“ఆఖరుది ఎవరిదో ఒకరిది గావాలె గదా. వేరేటోళ్ళది పెడితే నువ్వు తలకాయ ఎట్ల ఎత్తుతవ్?” అన్నాడు, అంతే. టీ అయిపోయాక గ్లాసు కాలువలో కడిగి నాకిచ్చాడు.

ఇద్దరం తండాలోకి వచ్చేసరికి లాలు నాయక్ అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నీళ్ళు బాగా పడుతున్నాయా బిచ్యా అని లాలు నాయక్ అడిగాడు. అడుగుతూ ఒక నవ్వు నవ్వాడు చూడు, తనదే ముందని తెలిసిన నవ్వు. పక్కన ఉన్న వాళ్ళందరి మూతుల మీదా అదే నవ్వు.

మా నాన్న అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ వినలేదు జెబా. తువ్వాలు భుజం మీద వేసుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు వంగి, లాలు నాయక్ చెవిలో చెప్పాడు.

“మాదే ముందు లేస్తది నాయక్. నీకొక్కనికే చెప్తున్న.”

లాలు నాయక్ జాలిగా తల ఊపాడు.

మిర్చి నిఖా వంటలో వాడదామంటే ఆలస్యమైపోయింది, పచ్చడి పెట్టుకో. చాచాకు సలాం. బోర్డు మీద బాతు వేయనివ్వు.

ఆఖరి మెట్టు మీద కూర్చుని నవ్వుతున్న
కవిత